కుటుంబంతో విదేశానికి వెళ్ళాలంటే జీతం ఎంత ఉండాలి?



మేము తెనాలి, బాపట్ల, రేపల్లె సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో ఉండి చదువుకున్నవాళ్లం. మేము చదివిన రోజుల్లో ఈ మూడు ఊళ్లూ గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల కొత్త జిల్లా అయ్యింది, రేపల్లె అందులోకి వెళ్ళింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. జిల్లాలు మారినా పూర్వ విద్యార్థులు కలిసినప్పుడు వచ్చే ప్రశ్న మాత్రం మారలేదు. "అన్నా, షార్జాలో ఐదు వేల దిర్హాలు ఇస్తామంటున్నారు, భార్యాపిల్లల్ని తీసుకెళ్లొచ్చా?" "అక్కా, మా ఆయనకు అమెరికాలో తొంభై వేల డాలర్లట, సరిపోతుందా?"

ఈ ప్రశ్నలకు అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పలేం. కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఆ లెక్క ఎలా వేయాలో చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

హాస్టల్లో పెరిగిన మనకు ఇలాంటి లెక్క కొత్త కాదు. ప్రభుత్వం తలకు ఇంత అని మెస్ ఛార్జీ ఇస్తుంది. ఆ డబ్బులోనే బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు, గ్యాసు అన్నీ రావాలి. వార్డెన్ గారు "మొత్తం ఎంత వచ్చింది" అని సంబరపడి ఊరుకోరు. "ఎంతమంది తినాలి, నెలాఖరుకు సరిపోతుందా" అని చూసుకుంటారు. విదేశీ జీతాన్ని కూడా మెస్ రిజిస్టరు చూసినట్లే చూడాలని మా మనవి.

మారకం లెక్కతో మోసపోవద్దు

ఆఫర్ రాగానే అందరూ చేసే మొదటి పని, ఆ దేశపు డబ్బును రూపాయల్లోకి మార్చడం. లెక్క సులువుగా ఉండటానికి ఈ వ్యాసం అంతటా దిర్హం 24 రూపాయలు, డాలరు 88 రూపాయలు, పౌండు 115 రూపాయలు అనుకుందాం. మీరు లెక్క వేసే రోజున ఉన్న రేటు పెట్టుకోండి.

5,000 దిర్హాలు అంటే 1,20,000 రూపాయలు. ఏడాదికి 90,000 డాలర్లు అంటే నెలకు 6,60,000 రూపాయలు. ఈ అంకెలు వినగానే కళ్లు తిరుగుతాయి. కానీ ఆ జీతంతో బియ్యం కొనేది రేపల్లె బజారులో కాదు, ఇల్లు అద్దెకు తీసుకునేది బాపట్లలో కాదు. జీతం దిర్హాల్లో వస్తే ఖర్చు కూడా దిర్హాల్లోనే పోతుంది. రూపాయల్లోకి మార్చాల్సింది మొత్తం జీతాన్ని కాదు, అన్నీ పోగా మిగిలినదాన్ని. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మొదట మన ఊరి లెక్క

ఎక్కడికో వెళ్తే ఎంత మిగులుతుందో తెలియాలంటే, ఇక్కడ ఇప్పుడు ఎంత మిగులుతోందో ముందు తెలియాలి. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. బాపట్లలో అద్దె ఇల్లు. భర్త ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్, జీతం 32,000. భార్య ప్రైవేటు బడిలో టీచరు, జీతం 16,000. ఇద్దరు పిల్లలు. భర్త తల్లిదండ్రులు రేపల్లె దగ్గర పల్లెలో ఉంటారు. కింది అంకెలు ఉదాహరణకు వేసినవే. మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి.

ఇంటి అద్దె 7,000
వెచ్చాలు, పాలు, కూరగాయలు 12,000
గ్యాసు, కరెంటు 2,500
పిల్లల ఫీజులు, పుస్తకాలు 6,000
పెట్రోలు, బస్సు 2,500
ఫోన్లు 1,000
మందులు 2,000
బట్టలు, పండగలు, శుభకార్యాలు 3,000
మొత్తం 36,000 రూపాయలు

అమ్మానాన్నలకు నెలకు 8,000 పంపుతారు. ఇద్దరి జీతాలు కలిపి 48,000 వస్తే, 44,000 ఖర్చు పోగా మిగిలేది 4,000. ఈ నాలుగు వేలే మన కొలబద్ద. విదేశంలో వచ్చే జీతాన్ని పోల్చాల్సింది 32,000తో కాదు, ఈ 4,000తో.

షార్జా లెక్క

ఇప్పుడు ఆ టెక్నీషియన్‌కు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నెలకు 5,000 దిర్హాల ఉద్యోగం వచ్చిందనుకుందాం. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. కాబట్టి మొత్తం చేతికే వస్తుంది. దుబాయ్ కంటే అద్దెలు తక్కువని చాలామంది షార్జాలో ఉంటారు. నలుగురి కుటుంబానికి నెల ఖర్చు ఇలా వేద్దాం.

ఒక పడక గది ఇంటి అద్దె 2,800
కరెంటు, నీళ్లు, గ్యాసు 450
వెచ్చాలు, పాలు, కూరగాయలు 1,400
ఇద్దరు పిల్లల బడి, బడి బస్సు 1,700
పనికి రాకపోకలు 450
ఫోన్లు, ఇంటర్నెట్ 400
కుటుంబం వీసా, గుర్తింపు కార్డులు, బీమా నెల సగటు 400
బట్టలు, మందులు, చిల్లర 500
మొత్తం 8,100 దిర్హాలు

అక్కడ విదేశీయుల పిల్లలు ఎక్కువగా చదివేది ఫీజు కట్టే ప్రైవేటు బళ్లలోనే. అందుకే బడి ఖర్చు అంత పెద్దది. జీతం 5,000, ఖర్చు 8,100. అంటే అమ్మానాన్నలకు పంపకముందే, అప్పు కట్టకముందే నెలకు 3,100 దిర్హాలు తక్కువ పడ్డాయి. పైగా భార్య ఇక్కడ మానేసిన 16,000 రూపాయల ఉద్యోగం కూడా పోయింది. లక్షా ఇరవై వేల జీతగాడు అప్పు చేసి పప్పు కూడు తినాల్సి వస్తుంది.

మరి ఎంత ఉంటే సరిపోతుంది? అక్కడి ఖర్చుకు ఇంకో మూడు పద్దులు కలపాలి. అమ్మానాన్నలకు 8,000, వెళ్ళడానికి చేసిన అప్పు మీద 10,000, మొత్తం 18,000 రూపాయలు, అంటే 750 దిర్హాలు. ఏడాదికోసారి నలుగురూ ఇంటికి వచ్చి వెళ్ళడానికి 6,000 దిర్హాలు అనుకుంటే నెలకు 500. ఆపదకు దాచుకోవడానికి కనీసం 650. అన్నీ కలిపితే 8,100 + 750 + 500 + 650 = 10,000 దిర్హాలు. మన ఉదాహరణలోని కుటుంబానికి కావలసిన జీతం ఇదీ. వచ్చిన ఆఫరు అందులో సగం.

అదే ఉద్యోగానికి అతను ఒక్కడే వెళ్తే? బెడ్ స్పేస్, తిండి, ఫోను, బస్సు కలిపి 1,600 దిర్హాలు అనుకుందాం. 3,400 దిర్హాలు మిగులుతాయి, అంటే 81,600 రూపాయలు. భార్య ఉద్యోగం కొనసాగుతుంది కాబట్టి 16,000 కలుస్తుంది. మొత్తం 97,600. అందులోంచి బాపట్ల ఇంటి ఖర్చు 32,000, అమ్మానాన్నలకు 8,000, అప్పుకు 10,000, విమాన టికెట్టుకు నెల సగటు 3,000 తీసేయండి. మిగిలేది 44,600 రూపాయలు. ఇక్కడి 4,000తో పోలిస్తే పదకొండు రెట్లు. అదే జీతం, అదే మనిషి. ఒక్కడు వెళ్తే లాభం, నలుగురూ వెళ్తే నష్టం.

వీసాకు చాలిన జీతం, బతకడానికి చాలిన జీతం

చాలామంది పొరపడేది ఇక్కడే. "కుటుంబం వీసా ఇస్తారట, కాబట్టి ఆ జీతంతో బతకొచ్చు" అనుకుంటారు. ఎమిరేట్స్‌లో 2019లో వచ్చిన నిబంధన ప్రకారం నెలకు 4,000 దిర్హాలు, లేదా 3,000 దిర్హాలతో పాటు యజమాని ఇచ్చే వసతి ఉంటే కుటుంబాన్ని తెచ్చుకోవడానికి అర్హత వస్తుంది. మన లెక్కలో కావలసింది 10,000. గేటు తెరవడం వేరు, లోపల భోజనం పెట్టడం వేరు.

కువైట్‌లో 2024 జనవరిలో కుటుంబ వీసాలు తిరిగి తెరిచినప్పుడు కనీస జీతం 800 దినార్లు చేశారు. అంతకుముందు 500 ఉండేది. సౌదీలో ఇంకో రకం. అక్కడ కుటుంబ సభ్యుల్లో ఒక్కొక్కరి మీద నెలనెలా రుసుము కట్టాలి. 2017 జులైలో నెలకు 100 రియాళ్లతో మొదలై, ఏటా వంద పెరిగి, 2020 జులై నుంచి 400 అయ్యింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200 రియాళ్లు, ఏడాదికి 14,400. ఈ పద్దు ఆఫర్ లెటర్‌లో ఎక్కడా కనిపించదు.

బ్రిటన్‌లో నర్సింగ్ హోముల్లో, ఇళ్లలో వృద్ధులను చూసుకునే కేర్ వర్కర్ల విషయం కూడా గుర్తుంచుకోవాలి. 2024 మార్చి 11 నుంచి ఆ వీసాతో కొత్తగా వెళ్ళేవారు భార్యను లేదా భర్తను, పిల్లలను వెంట తీసుకెళ్లే వీలు తీసేశారు. కాబట్టి జీతం లెక్కకు ముందే "కుటుంబానికి అనుమతి ఉందా, ఏ షరతు మీద" అన్నది ఆ దేశ ప్రభుత్వ సమాచారంలోనే చూసుకోవాలి. ఏజెంటు మాట సరిపోదు.

అమెరికా లెక్క

ఇంజినీరింగ్ చదివిన మన తమ్ముళ్లు ఎక్కువగా అడిగేది అమెరికా గురించి. బ్యాంకు అప్పుతో ఎంఎస్ చదివి, తర్వాత హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తూ, టెక్సాస్‌లోని డల్లాస్ ప్రాంతంలో ఏడాదికి 90,000 డాలర్లు తెచ్చుకుంటున్న వ్యక్తిని తీసుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు హెచ్-4 మీద ఉన్నారు.

మొదట కోతలు చూద్దాం. సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం, కలిపి 7.65 శాతం. అంటే 6,885 డాలర్లు. భార్యాభర్తలు కలిపి రిటర్ను వేస్తే 2025 సంవత్సరానికి 31,500 డాలర్ల మీద పన్ను లేదు. మిగిలిన 58,500 మీద కేంద్ర ఆదాయపు పన్ను సుమారు 6,543. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, వేరే చాలా రాష్ట్రాల్లో ఉంటుంది. రెండూ పోగా మిగిలేది 76,572, నెలకు సుమారు 6,380 డాలర్లు. కుటుంబం ఆరోగ్య బీమాకు జీతంలోంచి 600 పోతుందనుకుంటే చేతికి వచ్చేది 5,780.

ఇక ఖర్చులు. అద్దె 1,800, కరెంటు, ఫోను, ఇంటర్నెట్ 350, వెచ్చాలు 900, కారు వాయిదా, కారు బీమా, పెట్రోలు 850, డాక్టరు దగ్గర చేతి నుంచి కట్టేది 150, బట్టలు, చిల్లర 300. మొత్తం 4,350. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు, అది పెద్ద ఊరట. రెండేళ్లకోసారి నలుగురూ ఇండియా రావడానికి నెల సగటు 250. చదువు అప్పు 30 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే నెల వాయిదా సుమారు 41,300 రూపాయలు, అంటే 470 డాలర్లు. అమ్మానాన్నలకు 15,000 రూపాయలు, అంటే 170 డాలర్లు. మొత్తం ఖర్చు 5,240. మిగిలేది 540 డాలర్లు, సుమారు 47,500 రూపాయలు.

మొదట ఆరు లక్షల అరవై వేలుగా కనిపించిన జీతంలో చివరికి నిలిచింది ఇది. ఇద్దరు పిల్లల్లో ఒకరు ఇంకా బడి వయసుకు రాకపోయి, డే కేర్‌కు నెలకు 1,100 డాలర్లు కట్టాల్సి వస్తే ఈ మిగులు కూడా పోయి, నెలకు 560 డాలర్లు లోటు పడుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి. హెచ్-4 మీద వెళ్ళిన భార్యకు లేదా భర్తకు వెంటనే ఉద్యోగం చేసే హక్కు రాదు. 2015 నుంచి గ్రీన్ కార్డు దారిలో కొంత ముందుకు వెళ్ళిన హెచ్-1బి వారి జీవిత భాగస్వాములకు మాత్రం పని అనుమతి ఇస్తున్నారు. అందుకని "ఇద్దరం సంపాదిస్తాం" అన్న ఊహ మీద మొదటి లెక్క వేయొద్దు. ఒక్క జీతం మీదే వేయండి.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం

ఇప్పటివరకు చేసినదంతా ఒక్క సూత్రంలో చెప్పవచ్చు.

నెలకు చేతికి కావలసిన డబ్బు = అక్కడి కుటుంబ ఖర్చు + ఇంటికి పంపాల్సింది + ప్రయాణాల నెల సగటు + పొదుపు.

కావలసిన జీతం = చేతికి కావలసిన డబ్బు ÷ జీతంలో చేతికి వచ్చే వాటా.

పన్ను లేని చోట ఆ వాటా 1. మన అమెరికా ఉదాహరణలో నెల జీతం 7,500కి చేతికి వచ్చింది 5,780, అంటే వాటా సుమారు 0.77. డే కేర్ కూడా ఉంటే 5,240 + 1,100 = 6,340. దానికి 1,000 డాలర్ల పొదుపు కలిపితే 7,340. దాన్ని 0.77తో భాగిస్తే నెలకు సుమారు 9,530, ఏడాదికి సుమారు 1,14,000 డాలర్లు. కంపెనీతో జీతం మాట్లాడేటప్పుడు మనసులో ఉండాల్సిన అంకె ఇదే. లెక్క చేతిలో ఉన్నవాడు "ఇంకొంచెం ఇవ్వండి సార్" అనడు, "నాకు ఇంత కావాలి" అంటాడు.

మొదటి జీతానికి ముందే పోయే డబ్బు

నెల లెక్క సరిపోయినా, మొదటి రోజు లెక్క చాలామందిని ముంచుతుంది. ఎమిరేట్స్‌లో ఇల్లు తీసుకుంటే ఏడాది అద్దెను కొన్ని చెక్కులుగా ముందే రాసివ్వాలి. పైగా డిపాజిట్, బ్రోకరు కమీషను. బ్రిటన్‌లో ఉద్యోగ వీసాకు ఆరోగ్య రుసుము మొత్తం కాలానికి ఒకేసారి కట్టాలి. 2024 ఫిబ్రవరి 6 నుంచి అది పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, 18 ఏళ్లలోపు పిల్లలకు 776. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మూడేళ్ల వీసా అయితే 10,866 పౌండ్లు, మన డబ్బులో సుమారు 12 లక్షల 50 వేలు. వీసా ఫీజు, విమాన టికెట్లు దీనికి అదనం. ఈ రుసుము కంపెనీ భరిస్తుందా, మనం భరించాలా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

గల్ఫ్ ఏజెంట్ల విషయం. మన దేశ నిబంధనల ప్రకారం నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. మొత్తం 35,400. అంతకు మించి అడిగితే అది నిబంధనలకు విరుద్ధం. ఏజెంటు నమోదైనవాడా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఎమిరేట్స్ చట్టం కూడా ఉద్యోగంలో పెట్టుకునే ఖర్చును కార్మికుడి మీద వేయకూడదని చెబుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి పదో తరగతి చదివే తమ్ముళ్లకు. పది పాసుకాని వారి పాస్‌పోర్టుకు గల్ఫ్ దేశాలు సహా కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే 1983 వలస చట్టం కింద ప్రభుత్వ అనుమతి కావాలి. పది పాసైతే ఆ తనిఖీ అవసరం లేదు. అంటే పదో తరగతి సర్టిఫికెట్టు ఒక స్వేచ్ఛ. అయితే తనిఖీ లేదంటే మన కాగితాలు మనమే జాగ్రత్తగా చదువుకోవాలని అర్థం.

ఆఫర్ లెటర్ చదివే పద్ధతి

5,000 దిర్హాలు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద "బేసిక్ 2,000, అలవెన్సులు 3,000" అని ఉండవచ్చు. తేడా ఏమిటి? ఎమిరేట్స్‌లో ఏడాది పైన పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం. బేసిక్ 2,000 అయితే ఏడాదికి 1,400 దిర్హాలు వస్తాయి. బేసిక్ 4,000 అయితే 2,800. చేతికి వచ్చే జీతం ఒకటే, చివరికి ఇంటికి తెచ్చుకునేది సగం.

అమెరికాలో కట్టే సోషల్ సెక్యూరిటీ గురించి కూడా తెలుసుకోండి. వృద్ధాప్య పింఛనుకు సాధారణంగా పదేళ్ల పని నిండాలి. ఇండియా, అమెరికాల మధ్య ఈ సొమ్మును కలిపి లెక్కించే ఒప్పందం లేదు. జర్మనీతో ఉంది. ఐదేళ్లు పనిచేసి తిరిగి వచ్చేవాడు ఆ 6.2 శాతాన్ని పొదుపుగా లెక్కించుకోకూడదు.

వసతి, రాకపోకలు, కుటుంబం బీమా, పిల్లల ఫీజు, ఏడాది టికెట్టు. ఈ ఐదింటిలో కంపెనీ ఏవి ఇస్తుందో అడగండి. షార్జా లెక్కలో కంపెనీ వసతి ఇస్తే కావలసిన జీతం 10,000 నుంచి 7,200కు దిగుతుంది. తక్కువ జీతం, వసతితో ఉన్న ఉద్యోగం ఒక్కోసారి ఎక్కువ జీతం కంటే మేలు.

మన లెక్కలో తప్పక ఉండాల్సిన మూడు పద్దులు

జీతాల గురించి పుస్తకాల్లో, పత్రికల్లో చాలా వ్యాసాలు వస్తాయి. అవి రాసేవారు ఎక్కువగా అద్దె, పన్ను, బడి వరకు చెబుతారు. హాస్టల్ నుంచి వచ్చిన మనకు ఇంకో మూడు ఉన్నాయి.

మొదటిది అప్పు. మన వెనుక అమ్ముకోవడానికి పొలం లేదు, తాకట్టుకు మేడ లేదు. తెనాలిలోనో రేపల్లెలోనో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాం. అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలు తెస్తే వడ్డీ ఒక్కటే నెలకు 6,000. వెళ్ళిన మొదటి ఆరు నెలలు అసలు తీరకపోతే 36,000 వడ్డీకే పోతుంది. కాబట్టి కుటుంబాన్ని తీసుకెళ్లడం కంటే ముందు చేయాల్సిన పని, వడ్డీ అప్పు తీర్చడం.

రెండోది అమ్మానాన్నలు. కూలి చేసి మనల్ని హాస్టల్లో వేసినవారికి పింఛను లేదు. వారికి పంపేది మిగిలితే పంపే డబ్బు కాదు. అద్దెతో సమానంగా పై వరుసలో రాయాల్సిన పద్దు. మందులు, ఆసుపత్రి, చెల్లి పెళ్లి, తమ్ముడి ఫీజు కూడా ఇందులోకే వస్తాయి. అలాగే భార్యాభర్తలు ఇద్దరూ సంపాదిస్తుంటే ఇద్దరి ఇళ్ల పెద్దలనూ కలిపి లెక్క వేయండి.

మూడోది తిరిగి వచ్చే దారి. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే వేరే ఉద్యోగం చూసుకోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు ఉంటాయి. ఇది 2017 నుంచి ఉన్న నిబంధన. మన అమెరికా ఉదాహరణలో నెల ఖర్చు 5,240. రెండు నెలలకు 10,480, నలుగురికి టికెట్లు కలిపితే ఇంకా ఎక్కువ. ఇంత డబ్బు బ్యాంకులో లేకుండా కుటుంబాన్ని తీసుకెళ్తే, ఒక్క ఈమెయిల్‌తో నలుగురూ రోడ్డున పడతారు. కలిగిన ఇంటి అబ్బాయికి వాళ్ల నాన్న టికెట్టు పంపుతాడు. మనకు మనమే పంపుకోవాలి. ఆ డబ్బు జమ అయ్యాకే కుటుంబం కదలాలి.

ఎప్పుడు ఒక్కరు, ఎప్పుడు కుటుంబం

మేము చెప్పేది కుటుంబాన్ని వదిలి వెళ్ళమని కాదు. పిల్లలు తండ్రిని ఫోనులో చూసి పెరగడం, ఒంటరిగా ఇల్లు ఈదే భార్య అలసట, ఇవి ఏ మారకం రేటుకూ లొంగవు. షార్జా లెక్కలో ఒక్కడు వెళ్తే మిగిలిన 44,600లో ఆ ఎడబాటు ఖరీదు రాయలేదు, రాయలేం. అందుకే ఆ డబ్బుకు ఒక పని, ఒక గడువు పెట్టాలి. ఉదాహరణకు, "మొదటి ఏడాది అప్పు తీరుద్దాం, రెండో ఏడాది తిరుగు దారి డబ్బు దాచుదాం, అప్పటికి జీతం పెరిగితే కుటుంబం, పెరగకపోతే ఇంటికి" అని భార్యాభర్తలు కూర్చుని తేదీ రాసుకోవాలి. గడువు లేని ఎడబాటు రెండేళ్లనుకున్నది పదేళ్లవుతుంది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ గారు 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళినప్పుడు బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనం నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ల కాలానికి. ఆయన ఒంటరిగానే వెళ్ళారు. ఆ సొమ్ములో పొదుపు చేసి ఇంటికీ పంపేవారని జీవిత చరిత్రలు చెబుతాయి. గడువు ఉంది, గురి ఉంది, లెక్క ఉంది. నేడు కేంద్ర సాంఘిక న్యాయ శాఖ ఇచ్చే జాతీయ విదేశీ ఉపకారవేతనంలో అమెరికాకు ఏడాదికి 15,400 డాలర్లు, బ్రిటన్‌కు 9,900 పౌండ్లు జీవన భృతి నిర్ణయించారు. 15,400 డాలర్లు అంటే నెలకు సుమారు 1,283. అది ఒక్క విద్యార్థి పొదుపుగా బతకడానికి ఇచ్చేది, కుటుంబానికి కాదు. చదువుకు వెళ్ళే తమ్ముళ్లు, చెల్లెళ్లు వడ్డీ అప్పుకు పోయేముందు ఈ ఉపకారవేతనానికి ప్రయత్నించాలి. 30 లక్షల అప్పు లేకుంటే పైన చెప్పిన అమెరికా లెక్కలో నెలకు 470 డాలర్లు మిగిలి ఉండేవి.

అభ్యాసం

స్టడీ అవర్‌లో చేయడానికి రెండు లెక్కలు ఇస్తున్నాం.

1. సౌదీలో ఒకరి జీతం నెలకు 6,000 రియాళ్లు. భార్య, ముగ్గురు పిల్లలు వెంట ఉన్నారు. ఒక్కొక్కరికి నెలకు 400 రియాళ్ల రుసుము. నెలకు ఎంత, ఏడాదికి ఎంత, జీతంలో ఎంత భాగం? జవాబు: 1,600, 19,200, నాలుగో వంతు కంటే ఎక్కువ.

2. మీ ఇంటి నెల ఖర్చు అమ్మనో నాన్ననో అడిగి పద్దులవారీగా రాయండి. అందులో వడ్డీ ఎంతో వేరుగా రాయండి. దీనికి జవాబు మా దగ్గర లేదు, మీ ఇంట్లోనే ఉంది. ఈ లెక్క వేసినవాడు రేపు ఏ దేశం నుంచి ఆఫర్ వచ్చినా తడబడడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఎంత దూరమైనా వెళ్ళాలి. అయితే జీతం ఎంత అని అడిగేముందు మిగులు ఎంత అని అడగండి. ఆ మిగులు అప్పు తీర్చేలా, అమ్మానాన్నలను నిలిపేలా, అవసరమైతే మిమ్మల్ని క్షేమంగా తెనాలి జంక్షన్‌లో దింపేలా ఉంటే ఆ రోజే కుటుంబానికి టికెట్లు కొనండి.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
పూర్వ విద్యార్థులు